చూపు పోయినా చేవ పోలేదు

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను డాక్టరును కాను. లేత్ మిషన్ మీద 30 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. నీటికాసుల జబ్బు, అంటే గ్లకోమా, వల్ల చూపు పూర్తిగా పోయింది. ఇప్పుడు నాచారంలోని మా ఇంటి నుంచి ఉప్పల్‌లోని జిమ్‌కు వారానికి మూడు రోజులు ఒంటరిగా వెళ్లి వస్తున్నాను. ఆ సంగతే మీతో చెప్పుకుంటాను.

చూపు పోయిన మొదటి ఏడాది కుర్చీలోనే గడిచింది. మంచినీళ్లు కూడా చేతికే వచ్చేవి. అంతా ప్రేమతోనే! ఏడాది తిరిగేసరికి షుగరు పెరిగింది, మోకాళ్లు పట్టేశాయి, కుర్చీలోంచి లేవడానికి ఇంకొకరి చెయ్యి కావలసివచ్చింది. చూపును జబ్బు తీసుకుంది. కాళ్లను మాత్రం కుర్చీ తీసుకుంది.

1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో, చూపు తిరిగిరాని వారి కోసం పునరావాస విభాగం ఉంది. తెల్లకర్ర పట్టి నడవడం అటువంటి చోటనే నేర్చుకోవాలి. నేనూ నేర్చుకున్నాను. ధైర్యం వచ్చాక జిమ్‌కు వెళ్లాను. అక్కడి మేనేజరు మర్యాదగానే, "తోడు లేకుండా కుదరదు సార్, ఏమైనా అయితే బాధ్యత ఎవరిది?" అన్నాడు. పక్కనున్న మా అబ్బాయి, "ఆయన అన్నదీ నిజమే కదా నాన్నా" అన్నాడు. మేనేజరు మాట కంటే ఆ మాటే ఎక్కువ నొప్పించింది.

1995 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం, వైకల్యం కారణంగా వివక్ష చూపరాదని చెబుతోంది. ప్రజలకు సేవలందించే ప్రైవేటు సంస్థలకూ అందులో బాధ్యతలున్నాయి. ఆ సంగతి చెప్పాను గాని తగాదా పెట్టుకోలేదు. "రద్దీ లేని మధ్యాహ్నం వేళ వస్తాను. ఒక్క నెల చూడండి" అన్నాను. ఒప్పుకున్నారు.

మొదటి రోజు అక్కడి శిక్షకుడు, మా మనవడి వయసు కుర్రాడు, గుమ్మం నుంచి ఎడమచేతి గోడ వెంబడి నన్ను తిప్పాడు. ఏ యంత్రం ఎన్ని అడుగుల్లో ఉందో లెక్క పెట్టుకున్నాను. ఒక్కొక్కటీ ఆగి ఉండగా తడిమి చూశాను. తీగ, కప్పీ, పిన్ను... ఇవి నాకు కొత్తవా? బరువు పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. పైనుంచి వేలితో లెక్కించి, కావలసిన పలక కింద పిన్ను గుచ్చితే చాలు. పలకలు పట్టాల మధ్యే కదులుతాయి గనుక మీద పడవు. ట్రెడ్‌మిల్లుకు నున్నటి గాజు తెర ఉంది. వేలికి ఏమీ తెలియదు. అందుకని దాని జోలికి పోకుండా సైకిలు తొక్కుతాను.

"కనబడకుండా ఎట్లా సార్?" అన్నాడు కుర్రాడు. మన గుంటూరు జిల్లావాడు అజయ్ కుమార్ రెడ్డి, గలగలమనే బంతితో ఆడే అంధుల క్రికెట్‌లో దేశానికి కెప్టెన్‌గా నిలిచి, 2023 అర్జున అవార్డు అందుకున్నాడని చెప్పాను.

దెబ్బ తగల్లేదా అంటారేమో. తగిలింది. ఎవరో నేలమీద వదిలేసిన డంబెల్ తట్టుకుని మోకాలు చీరుకుపోయింది. ఇంట్లో చెప్పలేదు. మా ఆవిడ ఇక్కడే కూర్చుని ఉంది. ఈ రోజే వింటోంది! ఆ తరువాత, వాడిన వస్తువు తిరిగి దాని చోటనే పెట్టాలని అక్కడ నియమం చేశారు. అది కళ్లున్నవారికీ మేలే.

65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చేయాలనీ, మూడు రోజులైనా కండబలం, తూకం పెంచే కసరత్తు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అయితే గ్లకోమా ఉన్నవారు ఊపిరి బిగబట్టి పెద్ద బరువులెత్తరాదు, తలకిందులు ఆసనాలు వేయరాదు. కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నవారు ముందు కంటి డాక్టరును అడగాలి.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. మాకు సాయం వద్దని కాదు. చెయ్యి పట్టి లాగకుండా, ముందు నోటితో అడగండి. "అదిగో అక్కడ" అంటే మాకు తెలియదు. "కుడిపక్క రెండడుగులు" అంటే తెలుస్తుంది. ఒకసారి చూపించి, తరువాత మమ్మల్ని వదలండి. ఆ వదలడమే కష్టమని నాకు తెలుసు.

నాచారంలో ఆటో ఎక్కి ఉప్పల్ చౌరస్తాలో దిగుతాను. 2023లో ప్రారంభించిన స్కైవాక్ మీదుగా రోడ్డు దాటతాను. మొదట్లో నాకు తెలియకుండా మా అబ్బాయి వెనకాలే వచ్చేవాడట. మొన్న జిమ్‌లో ఉండగా ఫోను చేశాడు. "తీసుకురావడానికి రానా నాన్నా" అంటాడనుకున్నాను. "వచ్చేటప్పుడు రెండు పాల ప్యాకెట్లు తెస్తావా నాన్నా" అన్నాడు.

ఇంటికి పాలు తెచ్చే మనిషినయ్యాను మళ్లీ.