రెండోసారి కట్టిన మేకల పాక

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం సభ్యుల తరఫున చేసిన ప్రసంగం)



మేకల పెంపకం గురించి చెప్పమన్నారు. మేకల సంగతి మీకు మేము చెప్పేదేముంది, మీ ఇళ్లల్లోనూ ఉన్నాయి. పాక గురించి చెబుతాం. ఎందుకంటే ఒకే పాకను మేము రెండుసార్లు కట్టాం.

స్త్రీనిధి లోను తీసుకుని అయిదుగురం కలిసి 12 మేకలు కొన్నాం. మొదటి పాక మేస్త్రిని పెట్టి కట్టించాం. కొత్త రేకులు, నాలుగు పక్కలా టార్పాలిన్. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. లోపల మాత్రం మట్టి నేలే. వానలు పట్టాక మూత్రం, పెంటికలు కలిసి నేలంతా బురదైపోయింది. తెల్లారి తడిక తీస్తే ఘాటుకి కళ్లు మండేవి. పిల్లలు దగ్గడం మొదలుపెట్టాయి. వారంలో నాలుగు పోయాయి. వాయిదా మాత్రం ఆగదు కదా, ఆ నెల మా చేతి డబ్బులేసి కట్టాం. ఇళ్లల్లో ఎన్ని మాటలు పడ్డామో చెప్పక్కర్లేదు.

పశువుల డాక్టరుగారు వచ్చి మందులిచ్చి, "ఇక్కడ మీరు పావుగంట కూర్చోగలరామ్మా?" అని అడిగారు. మాకు నోట మాట రాలేదు.

మళ్లీ మేస్త్రిని పెట్టడానికి డబ్బుల్లేవు. మేమే దిగాం. పొడవు తూర్పు పడమరలుగా పెడితే ఎండ లోపలికి తక్కువ కొడుతుంది. పెద్ద మేకకు 10 చదరపు అడుగుల లెక్కన, పిల్లలకీ చోటుండేలా 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు తీసుకున్నాం. మూల సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూశాం: మూల నుంచి ఒక వైపు 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య తాడు పట్టాలి. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల కుదిరినట్టే. మా పెద్దక్క బడికి వెళ్లలేదు, అయినా ఈ లెక్క ఆవిడకే ముందు పట్టుబడింది.

సరుగుడు గుంజలకు చెదలు పట్టకుండా అడుగున వాడేసిన ఇంజను ఆయిలు పూసి, 2 అడుగుల లోతున పాతాం. అసలు పని నేలది. భూమికి 3 అడుగుల ఎత్తున వెదురు బద్దలు పరిచాం. సందు అర అంగుళం దాటకూడదు. మొదట ఎక్కువ వదిలితే ఒక పిల్ల కాలు ఇరుక్కుంది, రాత్రికి రాత్రి బద్దలన్నీ విప్పి మళ్లీ కట్టాం. ఇప్పుడు పెంటికలు కిందపడతాయి, మూత్రం వాలులో పోతుంది. వంగి ఊడ్చుకుంటే ఎరువు.

రేకుల దగ్గర మగవాళ్లు నవ్వారు, ఆడవాళ్లు నిచ్చెనెక్కుతారా అని. ఎక్కాం. బోల్టు రేకు గట్టు మీద వెయ్యాలి, పల్లంలో వేస్తే అక్కడే కారుతుంది. మేస్త్రి పల్లంలోనే వేశాడని రేకులు విప్పినప్పుడు తెలిసింది! ఆ కంతలన్నీ తారుతో పూడ్చాం.

ఈ వానల్లో ఒక్క పిల్ల కూడా పోలేదు. రెండు పోతుల్ని అమ్మి వెనకబడ్డ వాయిదాలు తీర్చాం. ఇంకా మూడున్నాయి. విత్తనపు పోతుకి విడిగా గది కట్టాం గానీ తలుపు పెట్టలేదు, సంక్రాంతి లోపు పెట్టేస్తాం.

చూడాలనుకున్నవాళ్లు రండి. పాక కట్టుకునేవాళ్లు పిలిస్తే మేమూ వస్తాం. గడ్డపార మాత్రం మీరే చూసుకోవాలి, మాకున్నది ఒక్కటే.

సెలవు.