ఇంటికి అందవలసిన బడి మాట
(ప్లాటినమ్ జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల డెబ్బై అయిదు సంవత్సరాలు నిలిచినదంటే మూడు తరాల వారు ఒకే గడప దాటి అక్షరాలు నేర్చినారని అర్థం. ఇటువంటి శుభవేళ భవనాలను, పరీక్షా ఫలితాలను, పేరు పొందిన పూర్వ విద్యార్థులను స్మరించుకొనడం సముచితమే. అయితే ఏ పాఠశాలకైనా పునాది ఒకటవ, రెండవ తరగతులు. ఆ తరగతులలో బిడ్డ ఏమి నేర్చుకొంటున్నదో, ఇంటివద్ద ఏమి చేయవలెనో కన్నవారికి సక్రమంగా తెలుస్తున్నదా అన్నదే నేటి ప్రసంగ విషయం.

ఈ ప్రశ్న సరిహద్దు గ్రామాలలో మరింత తీవ్రంగా ఎదురవుతుంది. అందుకు కర్ణాటకలోని రాయచూరు తాలూకాకు చెందిన చంద్రబండ ప్రాంతం చక్కని నిదర్శనం. రాయచూరు జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలో అంతర్భాగం. ఆనాటి రాష్ట్ర పునర్విభజనతో మైసూరు రాష్ట్రంలో చేరినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటక అయినది. నిజాం పాలనలో కచేరీ భాష ఉర్దూ. తరువాత బడి భాష కన్నడం. నేడు పలువురు తల్లిదండ్రుల ఆశ ఆంగ్లం. ఇన్ని మార్పుల నడుమ ఎన్నో కుటుంబాలలో ఇంటి మాటగా, పొలం మాటగా నిలిచినది తెలుగు. తాత చదివిన లిపి తండ్రికి రాదు. తండ్రి చదివిన పుస్తకం బిడ్డ చేతిలో లేదు. ఇటువంటి ఇంటికి బడి నుండి ఒక కాగితం వస్తే దానిని చదివి చెప్పేదెవరు? 2011 జనగణన నాటికి రాయచూరు జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు సగానికి లోపే. పగలంతా పత్తి ఏరి సాయంత్రం ఇల్లు చేరిన తల్లి ఆ కాగితాన్ని బిడ్డకే ఇచ్చి చదవమంటుంది. అనగా తన చదువు ఎట్లున్నదో తల్లికి చెప్పే బాధ్యత, ఇంకా చదవడం రాని ఆ ఆరేండ్ల బిడ్డపైననే పడుతుంది.

ఆ తల్లి బడికి రాకపోతే ఆమెకు శ్రద్ధ లేదని తీర్పు చెప్పడం సులభం. ఆ తీర్పు సత్యం కాదు. 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ జరిపిన కృషి దీనిని నిరూపించినది. కూలి చేసుకొనే నిరుపేదలు కూడ దారి చూపితే బిడ్డలను పని మాన్పించి బడికి పంపుతారని ఆ సంస్థ వేలాది కుటుంబాలలో చూపినది. ఆ కృషికి సారథ్యం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించినది. ఆశ ఇంటింటా ఉన్నది, కొరవడినది సమాచారం.

తెలియజేయడం బడి దయ కాదు, విధి. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షను ఉపాధ్యాయుల కర్తవ్యాలను పేర్కొన్నది. తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై బిడ్డ హాజరును, నేర్చుకొనే శక్తిని, సాధించిన ప్రగతిని తెలుపడం వానిలో ఒకటి. అదే చట్టం పాఠశాల యాజమాన్య సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యులలో సగం స్త్రీలు ఉండవలెనన్నది. కర్ణాటకలో ఎస్.డి.ఎం.సి. సంఘాలు 2001లోనే ఏర్పడినవి. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించవలెనని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుండి చెప్పుచున్నది. బోధనకు మాతృభాష అవసరమైనప్పుడు, ఆ బోధన ఎట్లు సాగుతున్నదో తల్లికి చెప్పడానికి మాతృభాష అవసరం కాదా?

ఇక తెలుపవలసినదేమి? “మీవాడు బాగానే చదువుతున్నాడు” అన్న వాక్యంలో సమాచారం లేదు. “మీవాడు మొద్దు” అన్న వాక్యంలో అవమానం తప్ప మరేమీ లేదు. తల్లికి కావలసినవి మూడే మాటలు: బిడ్డకు ఇప్పటికి ఏమి వచ్చినది, ఇప్పుడు ఏమి నేర్చుకొంటున్నది, ఈ వారం ఇంట్లో ఏమి చేయవలెను. “గుణింతం వచ్చినది; ఒత్తులు నేర్చుకొంటున్నది; రోజూ పది నిమిషాలు బిగ్గరగా చదివించండి” అంటే ఏ తల్లికైనా అర్థమవుతుంది.

ఈ విషయంలో తెలుగు నేల నుండి కన్నడ నేలకు వెళ్లిన ఒక కానుకను స్మరించవలసి ఉన్నది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీలో, చుట్టుపట్ల పల్లెల బిడ్డల కోసం పద్మనాభరావు, రమ దంపతులు ఒక బోధనా పద్ధతిని రూపొందించినారు. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, బొమ్మల గుర్తులతో ఒక నిచ్చెనగా అమర్చినారు. బిడ్డ తన వేగంతో ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంది. దీనిని చూసి వచ్చిన మైసూరు జిల్లా హెగ్గడదేవన కోట ఉపాధ్యాయులు 1995లో యూనిసెఫ్ తోడ్పాటుతో “నలి-కలి”కి శ్రీకారం చుట్టినారు. ఆనందిస్తూ నేర్చుకో అని దాని భావం. 2009-10 నుండి కర్ణాటక ప్రభుత్వ కన్నడ పాఠశాలల తొలి తరగతులకు అది విస్తరించినది.

ఆ నిచ్చెనలో తల్లిదండ్రులకు అక్కరకు వచ్చే గుణం ఒకటున్నది. అక్షరం రాని తల్లి కూడ మెట్లు లెక్కించగలదు. కిందటి నెల కుందేలు బొమ్మ వద్ద ఉన్న బిడ్డ ఈ నెల ఏనుగు బొమ్మ వద్దకు చేరినదని వేలుపెట్టి చూపితే, మార్కుల పట్టిక చెప్పలేని ప్రగతి ఆమె కంటికి కనబడుతుంది. రెండు నెలలుగా అదే మెట్టుపై ఆగితే కారణం అడిగే ధైర్యమూ కలుగుతుంది. ఏ మాధ్యమపు బడి అయినా ఇటువంటి పటాన్ని గోడకు కట్టుకొనవచ్చును.

ఇంటిపని విషయంలో అపోహలు తొలగవలసి ఉన్నది. భారం లేని చదువును కోరుతూ 1993లో నివేదిక సమర్పించిన యశ్‌పాల్ కమిటీ, ప్రాథమిక తరగతుల వారికి ఇంటి పరిసరాలను పరిశీలించే పని తప్ప వేరు ఇంటిపని వద్దన్నది. 2020 నాటి జాతీయ పాఠశాల సంచి విధానం ప్రకారం ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని ఉండరాదు. మూడు నుండి అయిదు తరగతులకు వారానికి రెండు గంటలు మించరాదు. అయినను పుటల కొద్దీ రాత పని ఇచ్చే బడినే మంచి బడిగా భావించేవారున్నారు. రాత పని పెరిగిన కొద్దీ చదువురాని తల్లి దూరమవుతుంది. బిడ్డ ట్యూషనుకు పోతుంది, లేదా అక్క చేత వ్రాయించుకొంటుంది. దిద్దే ఉపాధ్యాయునికి నిజం తెలియదు.

తల్లి పాలుపంచుకొనగలిగినదే చిన్న బిడ్డకు తగిన ఇంటిపని. గింజలను పదేసి కుప్పలుగా పోసి లెక్కించడం, అవ్వ చేత ఒక పొడుపుకథ చెప్పించుకొని మరునాడు తరగతిలో అడగడం, వంటింటి దినుసులను బరువును బట్టి వరుసగా పేర్చడం ఇటువంటివి. చదివించడానికి కూడ తల్లికి అక్షరజ్ఞానం తప్పనిసరి కాదు. బిడ్డ వ్రేలు మాటతో పాటు కదులుతున్నదా అని చూడవచ్చును. ఒక మాటను చూపించి, అదే మాటను మరొక పుటలో వెదకమనవచ్చును. చదివే బిడ్డ వెదకి చూపుతుంది. వల్లించే బిడ్డ తడబడుతుంది. కన్నడ పాఠమైనా కథ ఏమిటో తెలుగులో చెప్పమనవచ్చును. ఇంటి భాషలో చెప్పగలిగితే పాఠం అర్థమైనట్లే.

తెలుగు చదువు వచ్చిన తండ్రులకు మరొక సౌలభ్యం ఉన్నది. తెలుగు, కన్నడ లిపులు ఒకే ప్రాచీన లిపి నుండి పుట్టినవి. క, త వంటి కొన్ని అక్షరాలలో భేదం ప్రస్ఫుటమే గాని, అనేకం పోల్చుకొనదగినవే. రెండు వర్ణమాలలను పక్కపక్కన ముద్రించిన ఒక్క కాగితం ఇంటికి పంపితే తండ్రి బిడ్డ పుస్తకాన్ని తెరచి చూడగలడు.

చెప్పే రీతి కూడ ముఖ్యం. జపానులో ప్రాథమిక పాఠశాలల వారు “రెన్‌రకుచో” అనే చిన్న పుస్తకం ద్వారా ఇంటితో ఉత్తరప్రత్యుత్తరాలు సాగిస్తారు. అక్షరాస్యత నిండిన దేశంలో అది చెల్లినది. ఇక్కడి పల్లెకు మాటే పుస్తకం. పని ముగిసిన సాయంత్రం వేళ, నెలకొకసారి, ఒక్కొక్క తల్లితో పది నిమిషాలు మాట్లాడితే చాలును. బెంగుళూరుకో హైదరాబాదుకో వలస వెళ్లిన తండ్రికి సెల్‌ఫోనులో తెలుగు మాట రికార్డు చేసి పంపవచ్చును. ఉపాధ్యాయునికి తెలుగు రాకుంటే, మధ్యాహ్న భోజనం వండే గ్రామ స్త్రీలో, యాజమాన్య సంఘపు తల్లులో దుబాసీలు కాగలరు. అయితే ఒక బిడ్డ లోపాన్ని పదిమంది వినేటట్లు చెప్పరాదు. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలలలో ఒకేనాడు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మహా సమావేశం జరిపినది. అటువంటి పండుగ హర్షణీయమే. నెలనెలా సాగే సంభాషణ దానికి ప్రాణం.

సమాచారం ఒకవైపు మాత్రమే నడవరాదు. రాత్రి జ్వరం వచ్చినదని, పత్తి ఏరే రోజులలో చెల్లెలిని ఎత్తుకొని ఇంట ఉన్నదని, బోర్డు సరిగా కనబడడం లేదని తల్లికే ముందుగా తెలుస్తుంది. ఆ మాట బడికి చేరితే శిక్ష పడవలసిన చోట కంటి పరీక్ష జరుగుతుంది.

కావున మరో ఇరవై అయిదు సంవత్సరాలకు శతజయంతి జరుపుకొనబోయే ఈ విద్యాలయం, ఈ ఉత్సవ స్మృతిగా ఒక నియమం స్వీకరించుగాక: ఒకటవ తరగతిలో చేరిన ప్రతి బిడ్డ తల్లికి నెలకొకసారి, ఆమెకు అర్థమయ్యే భాషలో, ఆ మూడు మాటలు చెప్పడం. అందుకు నిధులు అక్కరలేదు, ప్రభుత్వ ఉత్తర్వులు అక్కరలేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, కొంత ఓపిక చాలును.