రథమునకు దీపము



ఈ రెడ్డిగూడెమునకు మేము వచ్చుట కొత్త కాదు. కొన్నేండ్ల క్రిందట ఒక వైశాఖ బహుళ నవమి నాడు ఇచ్చటనే ప్రసంగించి, రాత్రి కారులో మైలవరమునకు బయలుదేరితిమి. మరునాడు దశమి, హనుమజ్జయంతి. తెల్లవారుజామున అచ్చట అభిషేకమునకు కూర్చుందుమని మాట ఇచ్చియుంటిమి. ఆ రాత్రి జరిగినది మీకు చెప్పవలసిన ఋణమొకటి మాకు మిగిలియున్నది.

బయలుదేరునపుడే డ్రైవరు, "అయ్యగారూ, వచ్చేటప్పుడు లైట్లు రెండుసార్లు రెపరెపలాడాయి. పొద్దున చూపించుకొని వెళదాం" అనెను. "ఆంజనేయస్వామి చూచుకొనును, పద" అంటిమి. డెబ్బది యేండ్లు పైబడినవాడు, వేదము చదివినవాడు చెప్పిన మాట గదా! పాపము, ఆ పిల్లవాడు ఎదురు చెప్పలేదు.

ఊరు దాటిన తరువాత రెండు ప్రక్కలను మామిడితోటలు. బహుళ నవమి గనుక చంద్రోదయమునకు అర్ధరాత్రి కావలెను. నడి దారిలో రెండు దీపములు ఒక్కసారిగా ఆరిపోయినవి. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా సాగును. వెలుతురుకు అలవాటుపడిన కన్ను చీకటికి పూర్తిగా కుదురుకొనుటకు 20, 30 నిమిషములు పట్టునని వైద్యులందురు. అనగా ఆ క్షణమున మేమందరము అంధులమే.

డ్రైవరు బ్రేకును ఒక్కసారిగా తొక్కలేదు. కాలు సడలించి, స్టీరింగు కదపక, పెద్ద వెలుగు స్విచ్చి నొక్కి చూచెను. అదియు వెలుగలేదు. వెంటనే నాలుగు ప్రక్కల మినుకుమినుకుమను ఇండికేటర్లు వేసెను. వాని తీగలు వేరు గనుక అవి పనిచేసినవి. అంతలో చీకటిలోనుండి ఒక కేక: "ఆపండయ్యా, ఆపండి! ముందు బండుంది!"

ఆగితిమి. టార్చిలైటు వేసుకొని వచ్చినవాడు తోట కాపలాదారు. ఆ వెలుగులో చూతుము గదా, పది అడుగుల ముందర టైరు పంక్చరైన ట్రాక్టరు ట్రక్కు. దాని నీడను కాయలు కోయు కూలీలు కూర్చుండియున్నారు. ఒక తల్లి ఒడిలో బిడ్డ నిద్రించుచున్నది. మా నాలుక పిడచకట్టుకొనిపోయినది.

బృహదారణ్యకమున జనకుడు యాజ్ఞవల్క్యుని, మనుష్యునకు వెలుగేదని అడుగును. సూర్యుడు, అతడు లేనపుడు చంద్రుడు, అతడును లేనపుడు అగ్ని, అదియు ఆరినపుడు వాక్కు అని మహర్షి చెప్పుచు పోవును. తన చేయి తనకు కానరాని చీకటిలోనైనను మాట వినవచ్చిన దిక్కునకు మనుష్యుడు నడువగలడట. ఆ ఘట్టమును ఎందరు శిష్యులకు పాఠము చెప్పితిమో లెక్క లేదు. దాని అర్థము మాకు తెలిసినది ఆ కాపలాదారు కేకతోనే. (ఆ పిమ్మట ఆత్మజ్యోతి ప్రసక్తి వచ్చును. అది మరియొక నాటికి.)

ట్రాక్టరు బాగైన తరువాత మాకు మరల ఆశ పుట్టినది. "దాని వెనుకనే మెల్లగా పోవుదము" అంటిమి. ఈసారి ఆ పిల్లవాడు ఒప్పుకొనలేదు. "మనకు దారి కనపడితే చాలదండీ. ఎదురు వచ్చేవాడికి మనం కనపడవద్దా?" అనెను. 1989 నాటి మోటారు వాహనముల నియమావళియు సూర్యాస్తమయమైన అరగంటనుండి దీపములు వెలిగియుండవలెననియే చెప్పుచున్నది. ఇది నేటి మాట మాత్రమే కాదు. ద్రోణపర్వమున సైంధవ వధానంతరము రాత్రియుద్ధము వచ్చినపుడు దుర్యోధనుడు కాల్బలముచేత ఆయుధములు దింపించి దివిటీలు పట్టించెను. కౌరవులు రథమునకు 5, ఏనుగునకు 3, గుఱ్ఱమునకు 1 చొప్పున దీపములు అమర్చిరి. పాండవులు రథమునకు 10, ఏనుగునకు 7, గుఱ్ఱమునకు 2 పెట్టిరి. అంతటి యుద్ధములోను, సేనలు నిద్రతో తూలి తనవారెవరో పరులెవరో ఎఱుగలేకున్న సమయమున, చంద్రోదయము వరకు విశ్రమింపుడని చెప్పినవాడు అర్జునుడు. ఉభయసేనలును అతనిని దీవించినవి. సారథ్యము వహించినవాడు సాక్షాత్తు శ్రీకృష్ణుడై యుండియు, ఆయన చూచుకొనునులే అని విజయుడు అనలేదు. మేమంటిమి.

ఆ రాత్రి కాపలాదారు మంచె ప్రక్కన నులకమంచము మీద పరుంటిమి. అభిషేకము మరియొకరు చేసిరి. ఉదయము మెకానికు వచ్చి చూచి, రెండు దీపములు ఒక్కమారే ఆరినచో బల్బులను అనుమానింపనక్కరలేదనెను. రెంటికిని ఉమ్మడియైన ఫ్యూజో, స్విచ్చియో, రిలేయో, ఎర్తు తీగయో చూడవలెనట. మా బండికి ఎర్తు తీగ బిగింపు తుప్పుపట్టి వదులైనది. గీకి బిగించుటకు పావుగంట పట్టలేదు. ముందునాడు రెండుసార్లు రెపరెపలాడి అది చెప్పినది ఇదే.

ఈ దినము బయలుదేరునపుడు దీపములు వేసి చూపుమని డ్రైవరును అడిగితిమి. "పట్టపగలే వెళ్తున్నాం గదా అయ్యగారూ" అని నవ్వెను. నవ్వుచునే దిగి, మమ్ములను బండి ముందర నిలిపి, రెండును వెలిగించి చూపెను.