నేటినుండి నెల యనగా నెన్ని దినములు?



"నేటికి నెల దినములలో బాకీ తీర్చెదను" అని ఒకడు మాట యిచ్చెననుకొందము. ఆ గడువు ఏ దినమున ముగియును? పంచాంగము ననుసరించువానికి పాడ్యమి మొదలు అమావాస్య వరకు నెల. కచేరీలో ఇంగ్లీషు తేదీలు నడచును గనుక ఫిబ్రవరికి 28 దినములు, మార్చికి 31. కూలి లెక్కలలో నెల యనగా 30. మాట యిచ్చినవానికిని పుచ్చుకొన్నవానికిని ఈ మూటిలో ఏది యుద్దేశమో తెలిసియున్నంత వరకు చిక్కు లేదు. తెలియనప్పుడు నలుగురు పెద్దలను పిలిచి తేల్చుకొనెడివారు.

ఇప్పుడీ లెక్క కంప్యూటరు చేతికి పోయినది. బ్యాంకు ఖాతా, పింఛను దరఖాస్తు, పంట బీమా, కరెంటు బిల్లు, ఇవన్నియు సెల్‌ఫోనులోని వెబ్ పేజీలపై కనబడుచున్నవి. అచ్చట "గత 30 దినములు", "గత నెల", "ఈ సంవత్సరము" అను మాటలుండును. వాటిలో నొకదానిని వ్రేలితో నొక్కగానే లోపలనున్న ప్రోగ్రాము నేటి తేదీని పట్టుకొని వెనుకకు లెక్కించి, ఒక మొదటి హద్దును ఒక చివరి హద్దును ఏర్పరచును. ఆ రెండు హద్దుల నడుమనున్న పద్దులు మాత్రమే మనకు కానవచ్చును. హద్దు ఒక దినము అటునిటు జరిగెనా, ఉన్న పద్దు లేనట్లే తోచును. అట్టి హద్దులను వ్రాయుట నా వృత్తి యగుటచే, ఆ లెక్క జరుగు విధమును, అది దారి తప్పు తావులను మీకు విన్నవించెదను.

మొట్టమొదట తెలిసికొనవలసిన దేమనగా, కంప్యూటరు లోపల తేదీ లేదు. ఉన్నది ఒకే సంఖ్య. వెబ్ పేజీలను నడపుటకు జావాస్క్రిప్టు అను భాష కలదు. 1995 లో పుట్టినది. నేడు దాదాపు అన్ని పేజీలలోను అదియే పనిచేయుచున్నది. 1970 జనవరి 1 వ తేదీని, ఇంగ్లండులోని గ్రీనిచ్ కాలము ప్రకారము నడిరేయి మొదలుకొని, ఎన్ని మిల్లీసెకనులు గడచినవో అదియే ఆ భాషకు కాలము. మిల్లీసెకను అనగా సెకనులో వెయ్యవ వంతు. దినమొకటికి అట్టివి 8,64,00,000. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. మన గణకులు కలియుగాది మొదలు గడచిన దినములను లెక్కవేసి దానికి అహర్గణమని పేరిడిరి. ఒక మూలస్థానము, అచ్చటినుండి ఎడతెగని లెక్క. మిల్లీసెకనుల మాట చెప్పినచో మన సిద్ధాంతిగారు నవ్వుదురేమో గాని ఆశ్చర్యపడరు.

ఇట్లు సంఖ్య యొక్కటే యుండుటవలన "గత 30 దినములు" అను లెక్క సులభము. దినపు సంఖ్యను ముప్పదిచే గుణించి నేటినుండి తీసివేయుటయే. మన దేశమున ఇది చక్కగా కుదురును. మనకు ప్రతి దినమును 24 గంటలే. అమెరికాలో అట్లు కాదు. అచ్చట పెక్కు రాష్ట్రములలో మార్చి రెండవ ఆదివారమున గడియారమును గంట ముందునకు జరుపుదురు. నవంబరు మొదటి ఆదివారమున వెనుకకు జరుపుదురు. కావున ఏటికొక దినము 23 గంటలు, మరియొక దినము 25 గంటలు. న్యూయార్కులోనున్న మన తెలుగు బిడ్డ మార్చి 20 వ తేదీ నడిరేయి నుండి పై విధమున 30 దినములు తీసివేసిన యెడల, లెక్క ఫిబ్రవరి 18 నడిరేయికి పోక, అంతకు ముందు రాత్రి పదునొకండు గంటలకు పోయి నిలుచును. మన దేశమున గూడ యుద్ధకాలమున, 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు, గడియారములు గంట ముందుండెను. నేడు అట్టి ఏర్పాటు మనకు లేదు.

నెలల లెక్క వచ్చునప్పటికి అసలు చిక్కు మొదలగును. జావాస్క్రిప్టులో నెలల సంఖ్య సున్నతో నారంభించును. జనవరి సున్న, డిసెంబరు పదునొకండు. దినములకు మాత్రము ఒకటి మొదలు లెక్క. ఈ వింతకు అలవాటుపడుటకు క్రొత్తవారికి కొంత కాలము పట్టును, దానిని అటుంచెదము. "నెల కలుపుము" అని ఆజ్ఞాపించిన యెడల ఆ భాష నెల సంఖ్యకు ఒకటి చేర్చును. దినపు సంఖ్యను ముట్టదు. 2023 జనవరి 31 కి నెల కలిపినచో ఫిబ్రవరి 31 అగును. అట్టి దినము లోకమున లేదు. ఫిబ్రవరికి 28 దినములే గనుక మిగిలిన మూడు దినములను ముందునకు త్రోసి, మార్చి 3 అని చెప్పును. వెనుకకు లెక్కించినను ఇదే గతి. మార్చి 31 న "గత ఒక నెల" అని నొక్కిన యెడల ఫిబ్రవరి 31 కి పోబోయి, మరల మార్చి 3 కే వచ్చి నిలుచును. ఆ నెల మొదటి రెండు దినముల పద్దులును, ఫిబ్రవరి పద్దులన్నియును బయటనే యుండును. చూచువానికి ఏదియు తక్కువైనట్లు తోచదు.

వెబ్ పేజీ వెనుక పద్దులను దాచు డేటాబేసు వేరొకటి యుండును. అది మన కరణముల చిట్టా వంటిది. మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసు పేరెన్నికగన్నది. జనవరి 31 కి నెల కలుపుమని దాని నడిగిన యెడల అది ఫిబ్రవరి 28 అని చెప్పును. లేని దినమునకు బదులు ఆ నెల చివరి దినమున నిలుచును. అనగా ఒకే సంస్థవారి పేజీలో, కంటికి కనబడు భాగమున మార్చి 3, వెనుకనున్న చిట్టాలో ఫిబ్రవరి 28. ఒకే యింటిలో ఇద్దరు కరణములుండి, చెరియొక లెక్క వ్రాసినట్లుండును.

వీరిలో ఎవరిది న్యాయము? ఈ ప్రశ్న కంప్యూటరులు పుట్టుటకు ముందే మన దేశమున తీరినది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టములోని 23 వ సెక్షనున, ప్రామిసరీ నోటునకు నెలలలో గడువు పెట్టినప్పుడు, గడువు ముగియవలసిన నెలలో ఆ సంఖ్యగల దినము లేనిచో, ఆ నెల చివరి దినమే గడువు దినమని యున్నది. అచ్చటనే ఉదాహరణము గూడ కలదు. 1878 జనవరి 29 న వ్రాసిన పత్రమునకు ఒక నెల గడువైనచో, ఆ లెక్క ఫిబ్రవరి 28 తో ముగియును. దానిపై చట్టమిచ్చిన మూడు దినముల వెసులుబాటు వేరు. కాబట్టి అప్పు పత్రముల విషయమున చిట్టా వ్రాయు కరణము పక్షమే చట్టము పలుకుచున్నది. మార్చి 3 అని చెప్పు ప్రోగ్రాము ఆ పనికి తగదని నా యభిప్రాయము.

ఇందును ఒక మెలిక కలదు. జనవరి 31 న తీసిన ఋణమునకు నెలనెలకు వాయిదాలు పెట్టినాము. మొదటి వాయిదా ఫిబ్రవరి 28. రెండవ వాయిదాను ఆ ఫిబ్రవరి 28 నుండి లెక్కించినచో మార్చి 28 అగును. అసలు తేదీయగు జనవరి 31 నుండి రెండు నెలలు లెక్కించినచో మార్చి 31 అగును. మొదటి విధమున లెక్క వేసిన ప్రోగ్రాములో ఋణస్థునకు ప్రతి వాయిదాకును రెండు మూడు దినములు ఏ కారణము లేకయే తరుగును. అందువలన ప్రతి వాయిదాను మొదటి తేదీ నుండియే లెక్కించవలెను. గడచిన వాయిదా నుండి లెక్కింపరాదు.

ఇక హద్దు దినము లెక్కలో చేరునా చేరదా యనునది. శిశువు పుట్టిన దినమునే మొదటి దినముగా పట్టి పదునొకండవ నాటికి పురుడు కడుగుదుము. చట్టము త్రోవ వేరు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టమున "నుండి" అను మాట మొదటి దినమును విడచుటకును, "వరకు" అను మాట చివరి దినమును చేర్చుటకును చాలునని యున్నది. 1963 నాటి లిమిటేషన్ చట్టమున గూడ లెక్క మొదలగు దినమును విడువవలెను. అడిగినప్పుడు ఈయవలసిన నోటు 2022 జూలై 15 న వ్రాసినదైనచో, 2025 జూలై 15 న దావా వేసినను దానికి కాలదోషము పట్టదు. మరునాడు వేసిన యెడల, నడుమ చెల్లుగాని ఒప్పుదల వ్రాతగాని లేనిచో, పట్టును. ఒక్క దినము విలువ మీకు నేను చెప్పనక్కర లేదు.

ఆ ఒక్క దినము వెబ్ పేజీలో ఎట్లు మాయమగునో ఒక సంగతి చెప్పెదను. వరుసకు నాకు పెదనాన్న యగు రైతొకరు 1,20,000 రూపాయల పంట ఋణము తీసికొనిరి. గడువు 2023 మార్చి 31. మూడు లక్షల లోపు పంట ఋణమును గడువులోపల తీర్చిన రైతునకు నూటికి ఏడు వడ్డీలో మూడు తగ్గించు ఏర్పాటు అప్పుడుండెను. ఆయన పాలిట అది ఏటికి 3,600 రూపాయలు. గడువు దినమున పగలు పదునొకండు గంటలకు ఫోను ద్వారా సొమ్ము చెల్లించిరి. నాలుగు దినములు గడచిన పిమ్మట, మార్చి 1 నుండి మార్చి 31 వరకు జరిగిన చెల్లింపులను చూపుమని ఆ సంస్థవారి పేజీలో అడిగిరి. ఆ పద్దు లేదు. "నాయనా, సొమ్ము ఖాతాలోనుండి పోయినది, జాబితాలోనికి రాలేదు. గడువు దాటినట్లేనా?" అని కలతపడుచు నా వద్దకు వచ్చిరి. "పెదనాన్నా, ఏప్రిల్ 1 వరకు అని అడిగి చూడుడు" అంటిని. అడుగగానే మార్చి 31 నాటి పద్దు తెరపై నిలిచినది.

ఏల యట్లయ్యెను? "మార్చి 31" అని వ్రాసిన మాటను ప్రోగ్రాము ఒక క్షణముగా మార్చుకొనును. ఆ దినము ప్రారంభమగు నడిరేయి క్షణముగా. "మార్చి 31 వరకు" అనగా ఆ దినపు గడప వరకే, లోపలికి రాదు. దినమంతయు జరిగిన పద్దులు బయటనే నిలిచిపోవును. రాత్రి 11 గంటల 59 నిమిషముల 59 సెకనుల వరకు అని వ్రాసి కొందరు దీనిని సవరింతురు. అప్పుడును చివరి సెకనులో జరిగిన చెల్లింపు జారిపోవచ్చును. మంచి పద్ధతి యేమనగా, మార్చి నెల కావలసినప్పుడు "మార్చి 1 నడిరేయి మొదలు, ఏప్రిల్ 1 నడిరేయికి ముందు" అని వ్రాయుట. మొదటి హద్దు లోపల, చివరి హద్దు బయట. రెండు పొలముల నడుమ గట్టు ఇద్దరిదీ యనినను తగవే, ఎవరిదీ కాదనినను తగవే. ఏప్రిల్ 1 నడిరేయి ఏప్రిల్ నెలదే యని స్థిరపరచినచో ఏ పద్దును రెండు మారులు రాదు, ఏ పద్దును జారదు. నెలకు ఎన్ని దినములో తలచుకొను పని గూడ తప్పును.

ఆ నడిరేయి ఏ యూరి నడిరేయి యనునది మిగిలినది. జావాస్క్రిప్టులో సంవత్సరము, నెల, దినము మాత్రమే గీతలతో కలిపి వ్రాసి యిచ్చిన యెడల, దానిని గ్రీనిచ్ నడిరేయిగా గ్రహించును. ప్రక్కన గంటలు నిమిషములు గూడ వ్రాసి, ఏ దేశపు కాలమో వ్రాయనిచో, అప్పుడు చూచువాని ఊరి కాలముగా గ్రహించును. ఒకే భాషలో ఇట్టి భేదముండుట నాకు నచ్చినది కాదు. అయినను ఉన్న సంగతి అది. గ్రీనిచ్ నడిరేయి మనకు తెల్లవారి 5 గంటల 30 నిమిషములు. పెదనాన్నగారు ఆనాడు తెల్లవారుజామున అయిదు గంటలకే సొమ్ము చెల్లించియుండినచో పద్దు కనబడియుండెడిది! ఇందుకు ఎదురు దోషమును కలదు. మన దేశపు మార్చి 31 నడిరేయిని గ్రీనిచ్ కాలములో వ్రాయించినచో మార్చి 30 సాయంకాలము ఆరున్నర యని వచ్చును. అందులో గంటలను కత్తిరించి తేదీని మాత్రము ఉంచినవారికి ఒక దినము వెనుకబడును. తమ పుట్టిన తేదీ ఒక దినము ముందుగా అచ్చుపడినదని చెప్పువారి పత్రములలో కొన్నిటికి ఇదియే కారణము.

తిథి విషయమున మీరీ చిక్కును ఎరుగుదురు. సూర్యోదయమున నున్న తిథియే ఆ దినపు తిథి యన్నప్పుడు, ఏ యూరి సూర్యోదయమో చెప్పవలెను. అందుకే అమెరికాలోని తెలుగువారు అచ్చటి ఊళ్లకు గణించిన పంచాంగములను తెప్పించుకొందురు. కొన్ని పండుగలు వారికి మనకంటె ఒక దినము ముందుగా వచ్చును.

నేను వ్రాయు పేజీలలో "గత నెల" అను మాట ప్రక్కనే, ఏ తేదీ మొదలు ఏ తేదీ వరకు, ఆ చివరి తేదీ చేరినదా లేదా, భారత కాలమా కాదా యను నాలుగు ముక్కలను చూపుచున్నాను. అట్లు చూపని పేజీలో మీ పద్దు కనబడనప్పుడు, మొదటి తేదీని ఒక దినము వెనుకకును చివరి తేదీని ఒక దినము ముందునకును జరిపి మరల అడిగి చూడుడు. అప్పటికిని కనబడనిచో రశీదు తీసికొని కచేరీకి పోవలెను.