కాడి నుంచి ట్రాక్టరు దాకా: మా ఇంటి బండలాగుడు ముచ్చట
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో కరువు భత్యం గురించీ, మెడికల్ బిల్లుల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు "ఆ ఫైళ్ళు కాసేపు కట్టిపెట్టి మీ ఇంటి సంగతేదైనా చెప్పండి" అన్నారు. మా ఇంటి సంగతంటే ఎడ్ల సంగతే. మా తాత నాటి నుంచి మా వాళ్ళు బరువు లాగే పందేల్లో ఉన్నారు. నేను మాత్రం ఏనాడూ పగ్గం పట్టలేదు. నాకు అప్పజెప్పిన పని కలం, టేపు, గడియారం. కనుక ఇది బరి పక్కన బల్ల ముందు కూర్చున్న గుమాస్తా చెప్పే కథ అనుకోండి.

మాది గోదావరికి ఇవతల, బూర్గంపాడు ప్రాంతంలో అడవి అంచు ఊరు. నిజాం రోజుల్లో మా ఒడ్డు హైదరాబాదు సంస్థానం, అవతలి భద్రాచలం మద్రాసు రాష్ట్రం. 1953లో వరంగల్లు నుంచి విడదీసి ఖమ్మం జిల్లా చేశారు. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని తూర్పు గోదావరి నుంచి తెచ్చి మనకు కలిపారు. 1965లో వంతెన వచ్చేదాకా రాములవారి కల్యాణానికి పోవాలంటే బండ్లు ఇవతల విప్పి పడవ ఎక్కవలసిందే. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, 2016లో మాకు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. కాగితం మీద ఎన్ని గీతలు మారినా, మంచి ఎడ్ల జత ఎక్కడుందో ఈ ఒడ్డు వాళ్ళకూ ఆ ఒడ్డు వాళ్ళకూ తెలుస్తూనే ఉండేది.

మా తాత వ్యవసాయం కొద్దిపాటిది. ఆయన అసలు బతుకుతెరువు కూపుల్లో టేకు దుంగలు లాగించడం. కొట్టిన దుంగను గొలుసు కట్టి, ఎడ్లతో అడవి బాటన గోదావరి ఒడ్డుకు చేర్చేవారు. అక్కడ దుంగల్ని తెప్పలుగా కట్టి నీటి మీద రాజమండ్రికి వదిలేవారు. పని ముగిసిన సాయంత్రం కూలీలంతా చేరి, ఒకటే దుంగను ఎవరి ఎడ్లు ఎక్కువ దూరం లాగుతాయో చూసేవారట. బహుమతి కల్లు ముంతో, పొగాకు కట్టో. మా ఇంట్లో పందెం అక్కడ మొదలైంది. అది పనికి కొనసాగింపే తప్ప వేరే ఆట కాదు.

మా నాన్న కాలానికి బండ వచ్చింది. 1964లో, నాకు పద్నాలుగేళ్ళప్పుడు, ఆయన ఒంగోలు వైపు నుంచి రెండు కోడెలను తెచ్చారు. లారీకి డబ్బు లేక పదిహేను రోజులు నడిపించుకుని వచ్చారు. తెల్లటి ఒళ్ళు, ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు. ఊరంతా వచ్చి చూసింది. ఆ జాతి గొప్పతనం మనం చెప్పుకోవడం కాదు, ప్రపంచమే ఒప్పుకున్నది. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ చేరిన ఈ పశువుల సంతతిని అక్కడ నెల్లూరు పేరు మీద 'నెలోర్' అంటారు. ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరు పెట్టుకున్న ఆబోతు ఒకటి 1960లలో ఆ దేశానికి పోయి పెద్ద వంశకర్త అయింది. 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడలకు చిహ్నంగా పెట్టిన 'వీర' కూడా ఒంగోలు గిత్తే.

పిల్లలున్నారు కనుక పందెం పద్ధతి కొంచెం చెబుతాను. పశువుల వయసు పళ్ళను బట్టి చూస్తారు. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. రెండు పళ్ళంటే సుమారు రెండు, రెండున్నర ఏళ్ళు. నోరంతా పళ్ళు వచ్చేసరికి నాలుగున్నర, అయిదేళ్ళు. విభాగాన్ని బట్టి బండ బరువు. కాడికి మోకు, మోకుకు బండ. బరి ఈ కొస నుంచి ఆ కొసకు లాగాలి, మళ్ళీ తిరిగి రావాలి. కమిటీ పెట్టిన గడువు పది నిమిషాలో, ఇరవై నిమిషాలో. ఈల పడేసరికి ఎన్ని అడుగులు అన్నదే లెక్క. బరి పొడవు 250 అడుగులనుకోండి. పదకొండు సార్లు పూర్తిగా లాగి, పన్నెండోసారి 137 అడుగుల 6 అంగుళాల దగ్గర ఆగితే మొత్తం 2,887 అడుగుల 6 అంగుళాలు. ఆ అంకె రాసేవాణ్ణి నేను. ఆరంగుళాల తేడాకు బరిలో కర్రలు లేచిన రోజులున్నాయి. అందుకే టేపు రెండుసార్లు పట్టించి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించేవాణ్ణి. ఆఫీసులో నేర్చుకున్న విద్య అక్కడ అక్కరకు వచ్చింది.

అమెరికాలో ఇటువంటిదే ఇంకొక ఆట ఉంది, ట్రాక్టరు లాగుడు. అక్కడి రైతులు మొదట గుర్రాలతో బరువు లాగించి పోటీ పడేవారు. ట్రాక్టర్లు వచ్చాక గుర్రం బదులు ట్రాక్టరునే బరిలోకి దింపారు. 1929లోనే మిస్సోరీ, ఒహాయో రాష్ట్రాల్లో అటువంటి పోటీలు జరిగాయి. 1969లో నేషనల్ ట్రాక్టర్ పుల్లర్స్ అసోసియేషన్ పుట్టి నియమాలు ఒక దారికి వచ్చాయి. మొదట్లో బరువు కదలని బరువే. తరువాత బండి నడుస్తుండగా దారి పొడవునా మనుషులు ఒక్కొక్కరే ఎక్కి బరువు పెంచేవారు. ఇప్పుడు వాడేది ఇంకో రకం. ట్రాక్టరు ముందుకు పోయేకొద్దీ ఆ బండి మీద ఉన్న బరువు పెట్టె కూడా ముందుకు జరిగి, బండిని నేలకు అదిమేస్తుంది. 300 అడుగులు దాటితే పూర్తి లాగుడు. వాళ్ళకు బరువు పెరుగుతూ పోతుంది, మనకు గడువు తరుగుతూ పోతుంది. అంతే భేదం. అక్కడా తాత, తండ్రి, మనవడు అంటూ కుటుంబాలే ఆ ఆటను పట్టుకుని ఉన్నాయి.

కాని ఇంకొక పెద్ద భేదం ఉంది. వాళ్ళ దగ్గర ఇంజను ఆగిపోతే మళ్ళీ తాళం తిప్పుతారు. మన దగ్గర ఆగిపోయేది ప్రాణమున్న జీవి. వ్యవసాయ ఇంజనీర్ల లెక్క ప్రకారం ఎద్దు తన బరువులో సుమారు పదో వంతు బలంతో గంటల తరబడి లాగగలదు. జత మీద అది దాదాపు ఒక హార్స్ పవర్. టన్నుకు పైబడిన బండను నేల మీద ఈడ్వాలంటే దానికి ఎన్నో రెట్లు బలం కావాలి. అంత బలం ఎద్దు కొద్ది నిమిషాలే ఇవ్వగలదు. గడువు పెట్టింది అందుకే. ఆ గడువులోపల కూడా ఎక్కడ ఆపాలో తెలిసినవాడే అసలు రైతు.

1978 సంక్రాంతికి పొరుగూరి బరిలో ఇది కళ్ళారా చూశాను. నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి అయిదేళ్ళయింది. సెలవు పెట్టి వచ్చి బల్ల ముందు కూర్చున్నాను. నాన్న జత అందరికన్నా ముందుంది. ఇంకా రెండు నిమిషాల గడువుంది. ఎడమ ఎద్దు ముందుకాళ్ళు మడిచి మోకాలి మీద వాలింది. జనం "లేపు, లేపు" అని కేకలు. ఎవరో ముల్లుకర్ర అందించారు. నాన్న దాన్ని పక్కన పారేసి, వంగి మోకు విప్పేశారు. కాడి దించి ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డారు. గెలుపు చేతికందే వేళ వదిలేశాడని నవ్వినవాళ్ళు నవ్వారు. మా చిన్నాన్న అయితే నెల రోజులు మాట్లాడలేదు. రిజిస్టరులో ఆ వరుస ఎదుట "గడువు మిగిలియుండగనే యజమాని మోకు విప్పెను" అని రాశాను. ఆ ఎద్దు ఆ తరువాత కొన్నేళ్ళు మా పొలం దున్నింది.

రాత్రి అమ్మ అడిగింది, "ఇంకో రెండు నిమిషాలే కదా, ఎందుకు విప్పావయ్యా?" అని. "రేపు పొద్దున దున్నాల్సింది అదే కదా" అన్నారు నాన్న. పందేనికీ పనికీ ముడి ఉన్న కాలం అది. ఎద్దు చెడితే సేద్యం చెడుతుంది. ఆ భయమే ఎద్దుకు రక్ష.

ఆ ముడి 1983లో మా ఇంట్లో తెగింది. అన్నయ్య బ్యాంకు అప్పుతో ట్రాక్టరు తెచ్చాడు. మన దేశంలో ట్రాక్టరు తయారీ 1959లోనే మొదలైనా మా అడవి అంచుకు రావడానికి అన్నేళ్ళు పట్టింది. అన్నయ్యను తప్పుపట్టను. మిరపకు, పత్తికి అదనుకు దున్నాలంటే ఎడ్లతో కాలేదు. వారం పని ఒక్క రోజులో అయింది. ఎడ్లను అమ్మేశాం. కొట్టంలో ఎరువుల బస్తాలు చేరాయి. 1986 ఆగస్టు వరదకు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు ఆ కొట్టం కూడా పోయింది.

అమెరికాలో ట్రాక్టరు వచ్చి గుర్రాన్ని పొలం నుంచి పంపి, బరిలో దాని చోటును కూడా తీసుకుంది. పంజాబులో కూడా ట్రాక్టరును ట్రాక్టరుతో లాగించే పోటీలున్నాయి. 2023 అక్టోబరులో ట్రాక్టరు విన్యాసంలో ఒక యువకుడు చనిపోగా, అక్కడి ప్రభుత్వం అటువంటి ప్రమాదకరమైన విన్యాసాలను నిషేధించింది. మన దగ్గర మాత్రం పొలం ట్రాక్టరుకు పోయింది, బరి ఎద్దుకే మిగిలింది. మా అన్నయ్య కొడుకు 2004లో మళ్ళీ కోడెలను తెచ్చాడు. అవి ఒక్క సాలు దున్నలేదు. విచిత్రమేమంటే, వాటి మేత తెచ్చేది ట్రాక్టరు, పందేనికి వాటిని మోసుకుపోయేది లారీ.

ఇక వాటి పోషణ చూడండి. ఉలవలు ఉడకబెట్టాలి, తెలగపిండి నానబెట్టాలి, జొన్నచొప్ప నరకాలి, రోజూ నడక, స్నానం, మాలీసు. ఇదంతా చేసింది మా వదిన. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఉలవల పొయ్యి అంటించేది. బరిలో మైకులో మాత్రం మగవాళ్ళ పేర్లే వినబడేవి. రిజిస్టరులో 'యజమాని' అన్న గడిలో ఒకసారి ఆమె పేరు రాశాను. కమిటీ వాళ్ళు ఆశ్చర్యపోయారు గాని కొట్టివేయలేదు. అప్పటి నుంచి మా జత ఆమె పేరుతోనే దిగుతున్నది.

నిరుడు అబ్బాయి నా దగ్గరకు వచ్చి, "బాబాయ్, ఖర్చు తట్టుకోలేకపోతున్నాను. జతను అమ్మేయనా?" అని అడిగాడు. "కొనేవాడు ఎటువంటివాడో చూశావా?" అన్నాను. దానికి జవాబు చెప్పలేకపోయాడు. పొలం పని లేని ఎద్దుకు గెలిచినన్నాళ్ళే గౌరవం, ఓడిన మరునాడు సంత. నాన్న చెప్పిన 'రేపు పొద్దున దున్నాలి' అన్న భయం ఇప్పుడు ఎవరికీ లేదు. ఆ రక్ష పోయింది కనుక దాని స్థానంలో నియమం రావాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

నియమాలు కొత్తగా రాయనక్కరలేదు. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960లోనే వచ్చింది. బరువులు లాగే పశువుల కోసం 1965లో చేసిన నియమాలు ముల్లుకర్రను వద్దన్నాయి. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టరాదన్నాయి. మన కొత్తగూడెం, భద్రాచలం ఎండలు మీకు తెలియనివా! 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను వద్దన్నది. తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక చేసుకున్న చట్ట సవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. పందెం ఉండాలా వద్దా అన్నది కోర్టులు, ప్రభుత్వాలు చూసుకుంటాయి. పందెం జరిగిన చోట ఎద్దు ఎలా ఉందన్నది అక్కడున్న మనుషుల బాధ్యత.

మా ఇంట్లో చివరకు జతను ఉంచుకున్నాం. ఖర్చు నలుగురం పంచుకున్నాం, నా పెన్షనులోంచి ఉలవల వాటా. షరతులు కాగితం మీద రాసి అందరి చేత సంతకం పెట్టించాను. ముల్లుకర్ర ఇంట్లో ఉండరాదు. ఎండలో దింపరాదు. పశువుల డాక్టరు చూడనిదే బరికి పోరాదు. మోకాలు వంచితే మోకు విప్పాలి. ముసలివైతే మా కొట్టంలోనే ఉండాలి. అబ్బాయి చదివి, "బాబాయ్, ఇది మన సర్వీసు రూల్సులాగా ఉంది" అన్నాడు. "ఔను, వాటికి కూడా రిటైర్మెంటు ఉండాలి కదా" అన్నాను.

మిత్రులారా, మనలో లెక్క రాసినవాళ్ళున్నారు, కొలతలు పట్టినవాళ్ళున్నారు, పశువైద్య శాఖలో చేసినవాళ్ళున్నారు. ఏ పార్టీకీ, ఏ జతకూ చెందని మనిషి బల్ల ముందు కూర్చుంటే బరిలో సగం గొడవ ఉండదు. తిరునాళ్ళ కమిటీలు పిలిస్తే పోండి. పిలవకపోయినా ఒకసారి పోయి అడగండి. గడియారం చేతిలో పట్టుకోండి. అడుగులతో పాటు ఆ రోజు ఎండ ఎంత, ఎద్దుకు గాయముందా, ఎవరైనా మోకు విప్పారా అన్నది కూడా రిజిస్టరులో రాయండి. మోకు విప్పినవాడికి ఒక కండువా కప్పమని కమిటీకి చెప్పండి. నలుగురి ఎదుట కప్పిన ఆ కండువాను చూసి నేర్చుకునే పిల్లలుంటారు.

 భోజనాలు సిద్ధమయ్యాయని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. సెలవు.