కూలరు, కుంపటి – మన జాగ్రత్తలు



డి.ఏ. సంగతి పెద్దలు చెప్పారు కనుక నేను కూలరు గురించి చెప్తాను. నవ్వకండి. రామగుండంలో, ఆదిలాబాదులో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో మన వయసువాళ్లకు అదే దిక్కు.

మన ఇండ్లలో ఎక్కువగా ఉన్నవి ఇనుప రేకు కూలర్లు. మోటారు, పంపు, నీళ్లు అన్నీ ఒకే డబ్బాలో. లోపలి వైరు తొడుగు పోయి రేకుకు తగిలితే డబ్బా అంతా కరెంటే. తడి నేల, వట్టి కాళ్లు, చేతిలో బకెట్టు! ప్రతి ఎండకాలం ఇట్లాంటి చావు వార్తలు చదువుతూనే ఉన్నాం. స్విచ్చి ఆపితే చాలదు. పొరపాటున న్యూట్రల్ వైరుకు స్విచ్చి కలిపిన ఇండ్లూ ఉంటాయి. ప్లగ్గు పీకిన తర్వాతే నీళ్లు పోయాలి. మూడో పిన్నుకు ఎర్తింగు నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియనుతో చూపించండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టిస్తే లీకేజీ కాగానే సరఫరా ఆగిపోతుంది. మనవలు తిరిగే ఇంట్లో ఆ ఖర్చుకు వెనుకాడవద్దు.

కిటికీ మూస్తే కూలరుతో ఉక్కపోతే. బోరునీళ్ల ఉప్పు పట్టిన గడ్డిని ఏటా మార్చాలి. వారానికొకసారి తొట్టి కడిగి ఆరబెట్టాలి, లేకుంటే డెంగీ దోమలు.

చలికాలంలో ఆదిలాబాదు వైపు మిత్రులకు ఒక మాట. తలుపులు మూసి, బొగ్గుల కుంపటి పక్కన పడుకోవద్దు. పొగ లేకున్నా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఉగాదికి ముందే ఎలక్ట్రీషియనును పిలవండి. ఎండలు ముదిరితే దొరకడు. సెలవు.