బండిలో ఆయిలు చూశారా?



ఆవకాయ జాడీ మూత తీసి, ముక్క మీద నూనె తేలిందో లేదో జాగ్రత్తగా చూసుకుంటాం. ఇంటి ముందున్న మోటారు సైకిలులో ఆయిలు ఉందో లేదో మాత్రం చూడం. అది మగవాళ్ల పని అనుకుంటాం. వాళ్లేమో మెకానిక్కు చూస్తాడులే అనుకుంటారు. చివరికి ఎవరూ చూడరు. ఆ బండి మీదే పిల్లల్ని బడికి పంపుతాం!

పాత టూ స్ట్రోకు స్కూటర్లకు పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయించేవారు, కాబట్టి బంకుకు వెళ్లినప్పుడల్లా గుర్తుకొచ్చేది. ఫోర్ స్ట్రోకు బండ్లలో అలా కాదు. ఆయిలు ఇంజను అడుగున విడిగా నిలవ ఉంటుంది. చిన్న బండికైతే లీటరుకు అటూ ఇటూ, అంతే. పిస్టనుకూ, గేర్లకూ, క్లచ్చికీ ఆ కొద్దిపాటి ఆయిలే ఆధారం. వాడకంలో అది కొంత తరుగుతుంది కూడా. మరీ తగ్గిపోతే ఇనుము ఇనుముతో రాసుకుని, వేడెక్కి, పిస్టను పట్టేస్తుంది. పోతున్న బండి వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. బోరింగు ఖర్చు సంగతి తరువాత, వెనక కూర్చున్న మనిషి గతేమిటి చెప్పండి?

చూడడం పెద్ద పనేమీ కాదు. బండిని చదునైన చోట మెయిన్ స్టాండు వేయండి. సైడు స్టాండు మీద ఒరిగి ఉంటే కొలత తప్పుతుంది. ఇంజను రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, మళ్లీ అంతసేపూ ఆగండి. పైకెక్కిన ఆయిలు కిందికి దిగాలి కదా. ఇంజను పక్కన చిన్న బిరడా ఉంటుంది, దానికే కొలబద్ద. తిప్పి తీసి, నూలుగుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. చాలా బండ్లకు మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. మీ బండి సంగతి దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆయిలు రెండు గీతల నడుమ ఉండాలి. తగ్గితే కొంచెం కొంచెంగా పోయండి. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదేమో అనుకోకండి, నురగ కడుతుంది. కొన్ని బండ్లకు కొలబద్ద ఉండదు, గుండ్రని గాజు బిళ్లలోంచి చూడడమే.

నల్లబడింది కాబట్టి పాడైందంటారు కొందరు. మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే, నల్లబడక ఏం చేస్తుంది? పాలు కలిపిన టీ రంగుకు తిరిగితే మాత్రం నీళ్లు చేరినట్టు. ఇక బండి తీయనివ్వకండి.

మార్చడం మెకానిక్కుకే వదిలినా, దగ్గర నిలబడండి. ఇంజను వెచ్చగా ఉండగానే అడుగు నట్టు విప్పితే పాతది బాగా దిగుతుంది. కొత్త డబ్బా సీలు మీ ఎదుటే తీయమనండి. కారుకు మిగిలిన ఆయిలు పోయనివ్వవద్దు. గేర్ల బండిలో క్లచ్చి ఆయిలులోనే మునిగి ఉంటుంది, కొన్ని కారు ఆయిళ్లకు అది జారిపోతుంది. డబ్బా మీద 'జాసో ఎంఏ' అని ఉందో లేదో చూడండి. గ్రేడు, 10డబ్ల్యూ-30 అనో మరొకటో, పుస్తకంలో చెప్పినదే కావాలి. మార్చిన తేదీ, కిలోమీటర్లు పాల లెక్క రాసే క్యాలెండరు మీదే రాసిపెట్టండి.

ఇంట్లోనే మార్చుకుంటే, పాత ఆయిలు కాలువలో పారబోయకండి, చెదకని తలుపులకూ పూయకండి. డబ్బాలో పోసి పాత ఆయిలు తీసుకునే మెకానిక్కు షాపులో ఇవ్వండి. అది ఒంటికి మంచిది కాదు. చేతికంటితే కిరసనాయిలుతో కాదు, సబ్బుతో కడుక్కోండి.